క్యాంపు పెట్టెలో ఒక్క ఓటు

తుర్విహాళ దగ్గర క్యాంపు,
2-3-67

తులసమ్మక్కకు చెంచయ్య నమస్కారం. నా ఒళ్ళు బాగానే ఉంది, దిగులు పడకు.

ఇక్కడ ఓట్లయ్యాయి. కాలవ చివరి పొలాలకూ నీళ్ళివ్వాలని కొట్లాడే ఇక్కడి ఊరతను యంకప్ప నిలబడ్డాడు. అతనికే వేద్దామని, మన వలస రైతుల క్యాంపు మీటింగులో నేనొక్కణ్ణే వాదించాను. "మంచోడే, కానీ గెలవడుగా! ఓటు మురిగిపోద్ది. పరాయిచోట బతికేవాళ్ళం, గెలిచేవాడి పక్కనుండాలి" అన్నాడు మా పెద్ద యలమందయ్య. తీరా లెక్కపెడితే మా పెట్టెలో యంకప్పకు ఒక్కటే ఓటు. అది నాదేనని, నా చేలో కలుపుకు బదులు పనికి ఎవరూ రావడం లేదు. పలకరింపులు కూడా లేవు. నిన్న యంకప్ప వచ్చి, "అందరొక దిక్కున్నా నువ్వొక్కనివి నిలబడ్డవ్ చెంచన్నా, గది సాలు నాకు" అని నా చేతులు పట్టుకున్నాడు.

అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త కొరివికారం పంపు. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇంకా కాస్త చోటుంది గనక రాస్తున్నాను. ఆ ఓటు నాది కాదక్కా. ముద్ర చేతికొచ్చేసరికి భయమేసి, గెలిచేవాడికే గుద్దాను. ఆ వేసినవాడెవరో తెలిస్తే వెళ్ళి పక్కన కూర్చుందును.