కొంగు ముడిలో బలపాలు

మార్కాపురం,
12-8-1938

అక్కకు, దేవుని దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాము. పదకొండేళ్ళ తరువాత నాకు మళ్ళీ నెల తప్పింది. ఈ రోజుకు అరవై ఎనిమిది దినాలు. కిందటి రెండుసార్లూ మూడో నెల నిండకుండానే కడుపు పోయింది గనుక, గడప దాటాలన్నా భయంగా ఉంది.

నిన్న బావి దగ్గర దయామణి, మల్లమ్మ కలిశారు. వాళ్ళకూ ఇవే నెలలు. నాకు అన్నం సయించడం లేదని, బలపాలు మాత్రం నమలాలనిపిస్తుందని చెప్పాను.

"సిగ్గెందుకు వదినా? నేను దినానికి రెండు తింటన్నా. మన ఊరి పిల్లోళ్ళు కడుపులోనే ఓనమాలు దిద్దుకొని వస్తారులే" అని దయామణి నవ్వించింది.

మల్లమ్మ నవ్వలేదు. "మా తోడికోడలు ఇట్లనే తినింది. మొగం పాలిపోయింది, కడుపు నిలవలా" అన్నది.

అప్పుడు నా కొంగు ముడిలో మూడు బలపాలున్నాయి.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? గేదె ఈనిందా? నిమ్మకాయ ఊరగాయ కొంచెం పంపు. పోస్టుమాను చదువుతాడని ఈ కార్డు డబ్బాలో వేయక, బేస్తవారిపేటకు వస్తున్న కోటయ్య మామ చేతికిస్తున్నాను. ఆయనకు చదువు రాదు.

అక్కా, నీ మొదటి కడుపు పోయినప్పుడు నీవూ బలపాలు తిన్నావా? నీకు బాధ కలుగుతుందని ఇన్నేళ్ళూ అడగలేదు. దాచకుండా రాయి. నేను మానేశానని రాయాలని ఉంది గాని, నీకు అబద్ధం రాయలేను. నా కోసం ప్రార్థన చేయి. బావగారికి వందనాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు,
కరుణమ్మ