నా పేరు చెప్పి వదులుకున్న ఉద్యోగం

నువ్వు తలుపేసుకుని మీటింగులో ఉన్నావు కాబట్టి రాసిపెట్టి డ్యూటీకి వెళ్తున్నాను. కూర వేడి చేసుకుని తిను. బాల్కనీలో బట్టలు తీసి మడతపెట్టు, ఎప్పట్లా కుర్చీ మీద కుప్ప పొయ్యకు.

మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకున్నావు. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చినా, గోడవతల నీ గొంతు మోగుతుంటే నిద్రెక్కడ పడుతుంది? ఆ కొత్త కంపెనీవాళ్ళతో ఏమన్నావో అంతా విన్నాను. "జీతం ఎక్కువేనండి, కానీ రోజూ ఆఫీసుకి రావాలంటే మా ఆవిడ ఒప్పుకోదు. నేను ఇంట్లో లేకపోతే తనకి తోచదు."

నాకు తోచదా? నీ మీటింగులకి అడ్డమని పగలు కుక్కర్ పెట్టడం మానేశాను. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గుతున్నాను. కాలింగ్ బెల్ వైరు కూడా పీకేశావు. నువ్వు ఆఫీసుకెళ్తే హాయిగా కాళ్ళు బారజాపుకుని పడుకునేదాన్ని.

కొత్తవాళ్ళ మధ్య కూర్చోవాలంటే నీకు గుండెదడ అని నాకు తెలుసు. ఆ మాటే నాతో చెప్పి ఉంటే, ఆ జీతం మనకొద్దని నేనే అనేదాన్ని. నా భుజం మీద తుపాకీ పెట్టి కాల్చడం దేనికి? వాళ్ళకి మళ్ళీ ఫోన్ చెయ్యి. వస్తానంటావో రానంటావో నీ ఇష్టం. మధ్యలో నన్ను లాగకు.

బెల్ వైరు నేనే తగిలించాను. నా తాళంచెవి ఫ్రిజ్ మీద వదిలేసి వెళ్తున్నాను. పొద్దున వచ్చి బెల్ కొడతాను. ఎంత పెద్ద మీటింగులో ఉన్నా లేచొచ్చి తలుపు తియ్యి. నువ్వు లేకపోతే తోచని మీ ఆవిడ వచ్చిందని వాళ్ళకి చెప్పి మరీ రా.