తేరు జనం, చీకటి పదార్థం

చిరంజీవి అలివేలుకు,

చీకటి పదార్థం చల్లబడి గడ్డకట్టి మిగిలిందని రాశావు. రీసెర్చి సీటు ఇంటర్వ్యూలో ఆ మాట అనకు. అది మిగిలింది చలి వల్ల కాదు, దూరం వల్ల. వీరాంపట్టినం తేరు రోజు జనం ఎలా కిక్కిరిసి ఉంటారో, సృష్టి మొదట్లో ఆ కణాలూ అలాగే ఉండేవి. రెండు ఎదురుపడితే రెండూ మాయం. సంబంధాల గురించి నేనేమీ అనడం లేదు. లోకం విస్తరించి కణాలు దూరమయ్యాక, జత దొరకనివి అలాగే నిలిచిపోయాయి. ఇలా జరిగి ఉండవచ్చని చెప్పు. జరిగిందని చెప్పకు, చూసినవాళ్ళు లేరు.

పక్కింటి జయలక్ష్మమ్మకు ఇదే చెప్పి చూశాను.

"అంటే ఏందక్కా, పెళ్ళికాకుండా మిగిలిపోయినోళ్ళా?"

"ఔనే. నక్షత్రాలు చెదిరిపోకుండా పట్టుకోనుండేది వాళ్ళే."

"అట్లయితే మన అలివేలు ఇంకొన్నాళ్ళు మిగిలినా తప్పులేదక్కా!"

ఆమెకు అర్థమైందంటే ప్రొఫెసర్లకూ అవుతుంది.

ఇంటర్వ్యూ ఉన్న శుక్రవారమే మీ నాన్న పెళ్ళిచూపులు పెట్టాడు. అరియాంకుప్పం వాళ్ళు మరో శుక్రవారం వస్తారు, వాళ్ళ ఊరినుంచి బస్సులకేం కొదవ? ప్రొఫెసర్లు మళ్ళీ పిలవరు. నువ్వు మద్రాసులోనే ఉండు. ఈ ఉత్తరం అందగానే పోస్టాఫీసుకు వెళ్ళి, శనివారం వస్తానని మీ నాన్నకు తంతి ఇవ్వు. కారణం రాయకు. అది నేను వాడికి ఎదురుగా కూర్చుని చెబుతాను.

మీ అవ్వ