పేరు రాయని బెంచి

అప్పా,

ఈ పొద్దు నీ తిథి. ఏటా ఈ దినానికి బంగారుపేట బజారు బడికి నీ పేరు రాయించి ఒక బెంచి ఇస్తా వచ్చినాను. మన అంగళ్ళోళ్ళంతా పోయినోళ్ళ పేర్లతో అట్లే ఇస్తారు గదా. బెంచి దించినప్పుడల్లా పిల్లోళ్ళను నిలబెట్టి ఆ పేరుకు దండం పెట్టిస్తారు. ఇప్పుడు ఆడ నడిచేకి దోవ లేదు, అన్నీ బెంచీలే.

మొన్న మన అంగట్లో బియ్యం చెరిగే సెల్వి బిడ్డను కేజీఎఫ్‌లో గని కూలోళ్ళ ఇండ్ల వరసలు, ఆ లైన్ల బడిలో విడిచేకి పోయినాను. అదీ మన బజారు బడి మాదిరి సర్కారు బడే. పైన కప్పు ఉండాది, కింద ఉత్త బండలే. పిల్లోళ్ళు వాటిమీదే కూర్చోని వంగి వంగి రాస్తా ఉండారు.

ఈసారి బెంచీలు ఆ బడికి ఇద్దామని మన బడి కమిటీలో అడిగినాను. "మన దుడ్డు మన పిల్లోళ్ళకే గదమ్మా. ఆ బడికి వాళ్ళ అమ్మానాయన్లు ఇచ్చుకోనీ," అన్నారు. గనులు మూసినాక వాళ్ళు తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి కూలికి పోతా ఉండారు, యాడనించి తెచ్చిస్తారని అరిచినాను. నువ్వుండింటే నువ్వూ కమిటీ మాటే అనుంటావు, నాకు తెలుసు.

నీ బెంచి లైన్ల బడికే పంపినాను. రంగులేసే ఆయప్ప, "మీ అప్ప పేరు యాడ రాయాల?" అన్నాడు. వద్దన్నాను. కోపం చేసుకోవద్దప్పా. పేరు లేకుంటే సర్కారే ఇచ్చిందనుకొని, ఆ బిడ్డలు ఎవురికీ దండం పెట్టకుండా కూర్చుంటారు.