మడత విప్పని చీర

తమ్ముడు అంకమ్మరావుకి మీ అక్క దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి పెన్ను ఆపేశాను. అందరం అనడానికి ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. సాయిగణేష్ పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. కాలవలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో వాడు రోజూ రాసుకునే పుస్తకం ఒకటుంది. అందులో వెనకాల కాగితం చింపి రాస్తున్నాను. ముందు పేజీలో వాడి చేతిరాత ఉంది, ‘ఉదయం ఆరు గంటలు, నాలుగడుగులు’ అని. అది మాత్రం ముట్టుకోలేదు. నాలుగో తరగతి చదువు నాది. తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువుకో.

ఫోను చెయ్యొద్దన్నావు. “అక్కా, నా ఫోను నా ఒక్కడిదే కాదు” అన్నావు. రాష్ట్రంలో పోలీసులందరికీ పెద్దవాడివి, నీ ఫోను వినే మొనగాడెవడ్రా అనుకున్నాను. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

వాడి ఉద్యోగం నీకు తెలుసు. కాలవ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, తాళాలు కాపలా కాయడం. “మావయ్యకి చెప్పి మంచి ఉద్యోగం వేయించుకోరా” అంటే, “మావయ్య చుట్టూ సిఫార్సులకి తిరిగేవాళ్ళు చాలరా, నేనూ ఎందుకమ్మా” అని నవ్వేవాడు. ఈ ఏడు నీళ్ళు తక్కువ. శివారు పొలాల్లో వరి పొట్ట మీదుంది. మంత్రిగారి అల్లుడి మనుషులు వచ్చి వాళ్ళ చేపల చెరువులకి షట్టరు ఎత్తమన్నారు. వీడు తాళం ఇవ్వలేదు. రెండోసారీ వచ్చారు, ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి నా చేతి చద్దన్నం తిని వెళ్ళినవాడు పదకొండింటికి కాలవలో తేలాడు. తాళం మాత్రం దొరకలేదు. షట్టరు ఎత్తి ఉంది.

తాగి పడ్డాడని మన స్టేషన్లో రాసుకున్నారు. వాడు తాగడని నేను ఒట్టు పెట్టను. పెళ్ళిళ్ళకీ పండగలకీ పుచ్చుకుంటాడని తల్లిని, నాకు తెలియదా. కానీ చద్దన్నం తిన్న నోటితో తాగడు. ఆ కాలవలోనే ఈత నేర్చాడు. నేర్పింది నువ్వే, వాడికి ఏడేళ్ళప్పుడు. శవాన్ని కోసి చూసిన డాక్టరు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, “తల వెనక దెబ్బ తగిలి పోయాకే నీళ్ళలో పడ్డాడమ్మా, నేను అదే రాశాను” అని. మర్నాడే ఆయన్ని సెలవు మీద పంపేశారు. ఇంకో డాక్టరు వచ్చి ఇంకోటి రాశాడు.

వాడు పోయినప్పుడు నువ్వు రాలేదు. “ఇప్పుడు వస్తే నా మేనల్లుడని కేసు నా చేతిలోంచి లాగేస్తారక్కా” అన్నావు. సరేనన్నాను. వాడికి చెవులు కుట్టించింది నీ ఒళ్ళో కూర్చోబెట్టి. అలాంటి మేనమామ లేకుండా కాటికి పోయాడు. దానికీ సరేనన్నాను.

తమ్ముడూ, నాన్న మాట గుర్తుందా? మగ్గం మీద పోగు తెగితే దాచి నేసేవాడు నేతగాడు కాడు, ముడి వెయ్యి, ముడి కనపడితే కనపడనీ అనేవాడు. నేను బడి మానేసి నూలు కండెలు చుట్టింది నువ్వు ఆ కుర్చీలో కూర్చోవాలని. పని ఉందని నీ దగ్గరికి ఎన్నడూ రాలేదు. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. మొదటి డాక్టరు రాసింది బయటపెట్టించు. అంతకన్నా వద్దు.

నీ మీదే ఆశ పెట్టుకున్న నీ అక్క,
వెంకటరావమ్మ

*

పోలీసు పెద్ద అంకమ్మరావు గారికి,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రాలేదు. మీరు పెద్దవారు. టీవీలో చూశాను కదా. ముందు పది మైకులు, వెనక జెండా, భుజాల మీద మెరుపులు. రత్తయ్య మావ ఇంట్లో కూర్చుని చూశాను. మీరు గొంతు సవరించుకుని, “లస్కరు సాయిగణేష్ మృతి ప్రమాదవశాత్తూ జరిగిందే, మద్యం మత్తులో కాలు జారినట్టు విచారణలో తేలింది” అన్నారు. లస్కరు సాయిగణేష్! వాడు మీ పొట్ట మీద పడి నిద్రపోయేవాడండీ. రత్తయ్య మావ టీవీ కట్టేసి, “ఒమ్మా, మనోడే అలా అన్నాక ఇంక బయటోళ్ళననేదేముంది” అన్నాడు. ఆయన తలెత్తి నా మొహం చూడలేదు. నేనే తప్పు చేసినట్టు సిగ్గుపడ్డాను.

ఇంక గారూ మీరూ నా వల్ల కాదు. నువ్వు చేసిందేంట్రా? ఆ మాట చెప్పడానికి కింద ఇంతమంది ఉండగా నువ్వే ఎందుకు చెప్పావు? నీ నోటితో చెప్పిస్తే నా నోరు కూడా మూసినట్టేనని వాళ్ళకి తెలుసు. నీకు తెలియదా? నీకు ముందున్నాయన మాట వినకపోతే ఆర్నెల్లలో తీసి పక్కన కూర్చోబెట్టారని ఎప్పుడో నువ్వే చెప్పావు. “నా కుర్చీకి నాలుగు కాళ్ళూ వాళ్ళవే అక్కా” అన్నావు. అయితే లేచి నిలబడాల్సింది. నీకు కాళ్ళు లేవా?

పదకొండో రోజున నీ పెళ్ళాం మల్లీశ్వరి వచ్చింది, పుట్టింటి చీర పట్టుకుని. కూడా ఇద్దరు పోలీసులు, గుమ్మం దిగితే ఒట్టు. అప్పటికే మంత్రిగారి పార్టీ దుర్గాప్రసాద్ పొద్దుటి నుంచీ మా అరుగు మీద తిష్ట వేసి ఉన్నాడు, ఓదార్చడానికట. “పోయినోడు ఎలాగూ రాడు గదండీ అమ్మగారూ, ఉన్నోళ్ళ గురించి ఆలోచించాలి. మీ తమ్ముడుగారి పరువు కూడా చూడాలి గదా” అంటున్నాడు. నా కొడుకు పదకొండో రోజున నాకు పరువు నేర్పడానికి వచ్చాడు.

మల్లీశ్వరి చీర నా ఒళ్ళో పెట్టింది. ముదురు ఆకుపచ్చ నేత చీర, మన వైపు నేతే. “వదినగారూ, ఒక్కసారి మడత విప్పి చూడండి. ఆయనే స్వయంగా ఎంచారు” అంది. నేను కవరు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. “మడత విప్పి చూడండి వదినగారూ” అని మళ్ళీ అంది. నాకు ఒళ్ళు మండింది. “మగ్గం గుంటలో పుట్టినదానికి నేత చూపించడానికొచ్చావా అమ్మాయ్” అన్నాను. అరుగు మీద దుర్గాప్రసాద్ కిసుక్కున నవ్వాడు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “లోపలికి రండి, ఒక్క మాట” అంది. “మాటేదైనా ఉంటే నలుగురిలో చెప్పు. మీ ఆయన నలుగురిలోనేగా చెప్పాడు” అన్నాను. లేచింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నా వైపు కాదు, చీర వైపు చూసింది. ఖరీదైంది కాబోలు అనుకున్నాను.

పుట్టింటి చీర తిప్పి పంపేటప్పుడు మడత విప్పకూడదని మన నాయనమ్మ చెప్పేది. విప్పితే పుచ్చుకున్నట్టే లెక్క. అందుకని తెచ్చిన కవరులోనే ఉంచి, రెండు రోజులాగి, పామర్రు దాకా ఆటోలో, అక్కణ్ణించి విజయవాడ బస్సులో వచ్చాను. మీ ఇంటికి రాలేదు. నీ ఆఫీసుకే వచ్చాను. నీ పరువు ఉండేది అక్కడే కదా. గేటు దగ్గర ఒక బక్కపల్చటి కానిస్టేబులు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాడు. “లోపలికెళ్ళే పొట్లం ఏదైనా మేం విప్పి చూడాలమ్మా, రూలు” అన్నాడు. “చూసుకో నాయనా. మా తమ్ముడు పెట్టినదాంట్లో బాంబులేం ఉంటాయి” అన్నాను. వాళ్ళ పుస్తకంలో నా చేత్తోనే రాశాను, తమ్ముడు పెట్టిన చీర అక్క తిప్పి పంపింది అని. సంతకం కూడా పెట్టాను. పదిమందీ చదువుతారని గుండ్రంగా రాశాను.

బస్సెక్కాక గుండె తేలికపడిందిరా. నీకు అక్క లేదు, నాకు పుట్టిల్లు లేదు. నీ కుర్చీ చల్లగా ఉండాలి. దాని మీదే నీకు ముసలితనం రావాలి. నువ్వు పోయాక దాన్నే నీ వెంట పంపాలి.

ఒకప్పుడు నీ అక్కనైన,
వెంకటరావమ్మ

*

ఒరే అంకమ్మా,

చిన్నప్పటి పేరుతో పిలుస్తున్నాను. ఆ పేరుతో పిలిచేవాళ్ళలో నేనే మిగిలాను.

నిన్ను తీసేశారని టీవీలో చెప్పినప్పుడు నాకు సంతోషమే వేసింది. నా తిట్టు తగిలిందనుకున్నాను. తల్లి ఉసురు ఊరికే పోదని రత్తయ్య మావతో కూడా అన్నాను. అది జరిగి పన్నెండు రోజులు. నిన్న మధ్యాహ్నం నేను మగ్గం మీదుంటే ఎవరో గుమ్మంలో నిలబడి దగ్గారు. ఆ గేటు దగ్గరి బక్కపల్చటి కానిస్టేబులు. మామూలు చొక్కాలో వచ్చాడు. పేరు పాల్ అట, ఇల్లు గుణదల. “మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వస్తున్నానమ్మా. మీకు చెప్తే గానీ నాకు అన్నం సయించేట్టు లేదు” అన్నాడు.

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“మీరిచ్చిన చీర నేనే విప్పానమ్మా. మూడో మడతలోంచి కాగితాలు జారిపడ్డాయి. ఒకటి ఇంగ్లీషులో, డాక్టరు సంతకం, స్టాంపు ఉన్నాయి. ఇంకో రెండు కాగితాలు సార్ చేతిరాత. పైన ‘అక్కా’ అని ఉంది.”

నా చేతిలో పోగు నడిపే నాడె జారి గుంటలో పడిందిరా.

పక్కన ఇనస్పెక్టరు చూసి లాక్కునేలోపు వాడు సగం పేజీ చదివాడట. ఏ రోజు, ఎన్ని గంటలకి, మంత్రిగారి దగ్గర్నుంచి నీకు ఫోను వచ్చిందో, ప్రమాదమని నీ నోటితోనే చెప్పమని ఎలా బెదిరించారో అన్నీ రాశావట. ‘రెండు రోజులు వాళ్ళు నన్ను నమ్మాలని ఆ అబద్ధం చెప్పానక్కా. ఈ కాగితాలు తీసుకుని కోర్టుకి వెళ్ళు, నేను సాక్ష్యం వస్తాను’ అని రాశావట. ఆ సాయంత్రమే మీ ఇల్లంతా సోదా చేశారట. ఆసుపత్రిలో అసలు కాగితం ఎప్పుడో మాయమైందట. మిగిలిన కాపీ అదొక్కటేనట.

దాన్ని నేను కవరులోనే ఉంచి, బస్సు టిక్కెట్టు కొనుక్కుని, నా చేతులారా తీసుకెళ్ళి వాళ్ళకిచ్చి, పుస్తకంలో గుండ్రంగా సంతకం పెట్టి వచ్చాను.

“చదివింది కోర్టులో చెప్తావా నాయనా?” అని పాల్‌ని అడిగాను. “నాకిద్దరు ఆడపిల్లలమ్మా” అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు. ఆ మాత్రమైనా ఇంత దూరం వచ్చి చెప్పాడు. మజ్జిగ ఇచ్చి పంపాను.

రాత్రి పడుకోలేదని రాయను, నీకు తెలుసు. పొద్దున్నే కాలవ దాకా నడిచాను. షట్టరు ఇంకా ఎత్తే ఉంది. శివారులో వరి తాలు పోయింది. నేను గట్టు మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. నాయనమ్మనీ తిట్టాను, ఆవిడ మడత సామెతనీ తిట్టాను. రెండుసార్లు విప్పమంది, లోపలికి రమ్మంది పాపం మల్లీశ్వరి. దాని కాళ్ళు పట్టుకుంటానని చెప్పు.

నీ కాళ్ళు మాత్రం పట్టుకోను. నా తప్పు నాకుంటే నీ తప్పు నీకుంది. పది మైకులు నీ నోటి ముందు పెట్టారు కదరా. ఆ రోజు ఆ నోటితో నిజం చెప్పి ఉంటే రాష్ట్రమంతా వినేది. ఏ ఇనస్పెక్టరు లాక్కునేవాడు? అబద్ధం మైకులో చెప్పి, నిజం ఆడదాని చీర మడతలో దాచావు. నాన్న వద్దన్న పనే చేశావు, తెగిన పోగు దాచి నేశావు. నేను మూర్ఖంగా తిప్పి పంపాను, నువ్వు భయంగా దాచిపెట్టావు. ఇద్దరం కలిసి వాణ్ణి రెండోసారి నీళ్ళలో తోశాం.

సరే, కాగితం పోయింది. నువ్వున్నావు కదా. మొదటి డాక్టరు రాసింది నువ్వు కళ్ళారా చదివావు. ఫోను నీ చెవితో విన్నావు. ఇంతకాలం కుర్చీ పోతుందని భయం. అది కాస్తా పోయింది. కుర్చీ పోయినవాడికి ఇంకా భయమేంట్రా?

విజయవాడలో శాలిని గారని ఒక లాయరమ్మ ఉంది. చీర తిప్పి పంపాకే ఆవిడతో కేసు వేయించాను. నువ్వు సాక్ష్యం వస్తావని ఆవిడకి చెప్పలేదు. నిన్ను అడక్కుండా మాటివ్వడం ఇష్టం లేక. వచ్చే గురువారం పదిన్నరకి జడ్జిగారు నా మాట రాసుకుంటారు. నా దగ్గర వాడి నీళ్ళ పుస్తకం ఉంది. ఆ రోజు పొద్దున ఆరింటికి కాలవ చూసొచ్చి వాడు రాసిన చివరి వరస ఉంది, ‘నాలుగడుగులు, షట్టరు దించి ఉంది, తాళం నా దగ్గర’ అని. తాగినవాడి చేతిరాత అలా ఉండదు. నాకు తెలిసిన ఇంగ్లీషు అదే, తెలుగూ అదే. అది పట్టుకునే వెళ్తాను.

కోర్టు గేటు దగ్గర నిలబడతాను. ఆ ఆకుపచ్చ చీర మల్లీశ్వరికి తిరిగి ఇచ్చేశారని పాల్ చెప్పాడు. వస్తే అది పట్టుకురా. ఈసారి నలుగురిలో, ఆ గేటు ముందే మడత విప్పి భుజాన కప్పుకుంటాను. అందులో ఏ కాగితమూ ఉండనక్కర్లేదు. చెవులు కుట్టేటప్పుడు వాడు గింజుకుంటుంటే గట్టిగా పట్టుకున్నది నువ్వే. “అయిపోయింది నాన్నా, ఒక్క నిమిషం” అన్నావు. నీకూ ఒక్క నిమిషమే పడుతుంది.

పదిన్నరకి పేరు పిలుస్తారు. పదీ ఇరవై తొమ్మిది దాకా నీ కోసం చూస్తాను. ఆ తరవాత చూడను.

నువ్వు వచ్చినా రాకపోయినా లోపలికి వెళ్ళేది,
సాయిగణేష్ తల్లి