అవ్వ దాచిన జాగ

అక్కా,

బాపు ఎప్పుడూ పక్కనే ఉంటున్నాడు. ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను.

ఏటా ఉరుములతో తొలివాన పడగానే అవ్వ ఒక్కతే చేనుకు పోయి, కొంగు నిండా పుట్టకొక్కులు తెచ్చేది గదా. ఎక్కడ దొరికాయంటే "జాగ చెప్తే మల్ల మొలువయి బిడ్డా" అనేది. నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కట్టుకున్న బాపుకు కూడా.

ఎండాకాలంలో అవ్వ పోయినప్పుడు, చేనులో పంట రాని మూల అని అక్కడి చెదల పుట్టను చదును చేయించి సమాధికి గొయ్యి తవ్వించాం. మొన్న మన ఎల్లారెడ్డి దిక్కు తొలివాన పడింది. నిన్న పోయి చూస్తే సమాధి చుట్టూ పుట్టకొక్కులు తెల్లటి గొడుగుల్లా విచ్చుకొని ఉన్నాయి. అవ్వ జాగ అదేనక్కా. తెలియక తవ్వేశాం. తవ్విన మట్టి మీద మాత్రం ఒక్కటీ మొలవలేదు.

"ఈయేడు పుట్టకొక్కులు రాలేదా బిడ్డా?" అని బాపు ఒకటే అడుగుడు. అవ్వ పోయినకాడి నుంచి సరిగ్గా తినడం లేదు. గుండె రాయి చేసుకొని కొన్ని తెంపి వండాను. ఎక్కడివని అడిగాడు. అవ్వ చెప్పే మాటే చెప్పాను. ఇంకేం అడగకుండా కంచం ఖాళీ చేశాడు.

నేను మాత్రం ఆ కూర ముట్టలేదు.

నువ్వు భిక్నూర్ నుంచి వచ్చినప్పుడు, బాపు ముందర ఆ జాగ మాట ఎత్తకు.

నీ చెల్లె