గంజి లేని నల్ల బట్ట

హైదరాబాదు నుంచి
శుక్రవారం

అన్నకు, వదినకు చెల్లె సరోజ దండం పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను, ఫికర్ పెట్టుకోకండి. మీరంతా ఎట్లా ఉన్నారు? మోకాలి నొప్పికి వదిన హనుమకొండ దవాఖానకు పోయిందా?

అన్నా, నువ్వు పంపిన నల్ల బట్ట సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. నేను పనిచేసే ల్యాబులో పెద్ద బెలూన్ కింద టెలిస్కోపు కెమెరా కట్టి పంపుతారని చెప్పాను కదా. పైనుంచి కంటికి కనపడని కణాలు దూసుకొస్తాయట. కెమెరా డబ్బాలోని గాజులోంచి అవి పోతుంటే మినుక్కుమనే వెలుగును కెమెరా పట్టుకోవాలి. భూమిలోంచి కూడా దూరిపోయే న్యూట్రినోలు ఉన్నాయట, ఎప్పటికైనా వాటినీ పట్టాలని మా సార్ ఆశ. లోపలికి సూదిమొనంత బయటి వెలుతురు పోయినా మూడేళ్ల పని మట్టిపాలే. ఆ డబ్బాకు నల్ల తొడుగు కుట్టే పని నాది.

నేనేం చేశానో విను. ఇంటి అలవాటుగా, మొదట ఇక్కడ కొన్న మిల్లు బట్టకు చక్కగా గంజి పెట్టి కుట్టాను! పైన చలి ఎక్కువని తొడుగును ముందు చలిపెట్టెలో పెట్టి చూశారు. గంజి పెళుసై, పొడి రాలి కెమెరా అద్దం మీద పడింది. సార్ మిల్లు బట్టను తిట్టసాగారు. నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు. అయినా చెప్పేశాను.

"సార్, గంజి నేనే పెట్టిన."

"ఎందుకు పెట్టినవమ్మా?"

"గంజి లేకపోతే మా ఇంట్ల దాన్ని బట్టనే అనరు సార్."

ఆయన నవ్వలేదు. "గాలి మారేలోపు ఎగరకపోతే ఏడాది ఆగాలె" అన్నారు. ఆ బట్టను ఉతికితే పలచబడి జల్లెడైంది. అప్పుడే నీకు టెలిగ్రాం కొట్టాను, గట్టిగా నేసి, గంజి పోయేదాకా ఉతికి పంపమని. ఎంత తిట్టుకున్నావో ఏమో!

నీ బట్టతో కుట్టిన కొత్త తొడుగుతో మొన్న పొద్దున బెలూన్ ఎగిరింది. సాయంత్రానికి కెమెరా పారాచూట్‌తో ఎవరిదో చేనులో దిగింది. నిన్న ఫిల్ము కడిగారు. బయటి వెలుతురు మరక ఒక్కటి లేదు, కావలసిన మెరుపులు మాత్రం ఉన్నాయి. "మీ అన్నకు నా నమస్తే రాయి" అన్నారు సార్. బాత్రూంలోకి పోయి ఏడ్చాను, సంతోషంతోనే.

హాస్టల్ పప్పు నీళ్లే. వచ్చేవాళ్లతో వదినను జర కారప్పొడి పంపమను. మన కాశిబుగ్గలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు, నన్ను దీవించమను.

సార్‌ను అడిగి, తొడుగులోంచి బెత్తెడు ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. మబ్బులు దాటి పోయి వచ్చింది. మగ్గం మీంచి దింపిన ప్రతి బట్టనూ చూసినట్టే దీన్నీ ఎండకు అడ్డం పెట్టి చూడు. చుక్క వెలుగు కనబడితే నన్ను తిట్టు.

నీ చెల్లె
సరోజ